ఆగినోళ్లు

ప్రతి ఆదివారం పొద్దున పరుశురాం యూనివర్సిటీ హాస్టల్ గదికి తాళం వేసి, క్యాంపస్ చెట్ల కింద వాకింగ్ చేసే పెన్షనర్లను దాటుకుంటూ తార్నాకకు నడిచి వెళ్లేవాడు. అక్కడ ఒక గల్లీలోని ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు అతని బావ రాజలింగు వాచ్‌మన్. పార్కింగ్ మూలన, లిఫ్ట్ పక్కనున్న ఒక్క గదిలో రాజలింగు, పరుశురాం అక్క అమృతమ్మ, వాళ్ల బిడ్డ స్నేహలత ఉండేవాళ్లు. అమృతమ్మ పైనున్న మూడు ఫ్లాట్లలో వంట చేసి, కిందికి దిగి, తమ్ముడికి ఇష్టమని బోటి కూర వండేది.

అక్కాతమ్ముళ్లకు రెండేళ్లే తేడా. చూసేవాళ్లకు మాత్రం తల్లీకొడుకుల్లా కనబడేవాళ్లు. అమృతమ్మ తల సగం నెరిసింది, మోకాళ్లు అరిగాయి. పరుశురాంకు కాగితం మీద నలభై మూడు. మనిషి ఇరవై ఆరు దగ్గరే ఉన్నాడు.

పీహెచ్‌డీ సగంలో ఉండగా అతను లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం చూడటం మొదలుపెట్టాడు. ఆ ఏడాది రాలేదు. పై ఏడాది ఖాయమన్నారు. అదీ లేదు. ఆ చలికాలంలో ఎప్పుడో అతని జుట్టు పెరగడం ఆగిపోయింది, తర్వాత గోళ్లు, తర్వాత వయసు. హాస్టల్లో అలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉండేవాళ్లు. వాళ్లను అందరూ ఆగినోళ్లు అనేవాళ్లు. మెస్సులో అందరితో పాటే తినేవాళ్లు, లైబ్రరీలో అందరితో పాటే కూర్చునేవాళ్లు. మాణికేశ్వర్ నగర్‌లో సెలూన్ నడిపే ఎంకన్న ఒక్కడే, వాళ్లు దారిన పోతుంటే, "మీ అసుంటోళ్లు ఎక్కువైతే నేను దుకాణం బంద్ చేస్కోవాలె" అని నవ్వేవాడు.

ఎదురుచూడటం మానుకున్న రోజు ఆగిన ఏళ్లన్నీ ఒక్కసారే వచ్చి మీద పడేవి. పరుశురాం రూమ్మేట్ సామేలుకు అట్లాగే అయింది. విద్యానగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో చేరతానని పెట్టె సర్దుకుని మెట్లు దిగుతుండగానే అతని నెత్తి నెరిసింది, ఒక పన్ను ఊడి చేతిలో పడింది. సామేలు దాన్ని కాసేపు చూసి, "పోనీ తియ్, నెలకింత జీతమన్న వస్తది" అని గోడ అవతలికి విసిరేశాడు. ఆ పూట పరుశురాంకు అన్నం సయించలేదు. ఉద్యోగం వచ్చి, దాని వెంట ముసలితనం వస్తే సరే. ఒట్టి ముసలితనం తన వల్ల కాదనుకున్నాడు.

అయితే కొత్తగా కాలేజీలో చేరే పిల్లలకు సలహా చెప్పడంలో మాత్రం అతన్ని మించినవాళ్లు లేరు. అతని మాట విని చదువుకున్నవాళ్లు తహసీల్దార్లయ్యారు, బ్యాంకు మేనేజర్లయ్యారు. వాళ్లు అప్పుడప్పుడు కార్లలో క్యాంపస్‌కు వచ్చి, అతని భుజం మీద చెయ్యేసి, "ఎట్లున్నవ్ తమ్మీ" అనేవాళ్లు. ఒకప్పుడు వాళ్లే అతన్ని అన్నా అని పిలిచేవాళ్లు.

ఈ ఏడాది స్నేహలత ఇంటర్ పాసయింది. డాక్టర్ చదువుకు ర్యాంకు అందలేదు గానీ క్యాంపస్‌లోనే కెమిస్ట్రీ ఐదేళ్ల కోర్సులో సీటొచ్చింది. అమృతమ్మ మురిసిపోయి తమ్ముడితో, "పిల్లకు కాలేజీ సంగతులు జెర చెప్పు తమ్మీ. మాకేం ఎరుక" అంది.

పరుశురాం రోజూ సాయంత్రం వచ్చి, పార్కింగ్‌లో రెండు కార్ల నడుమ కుర్చీ వేసుకుని చెప్పేవాడు. పైఫ్లాట్ల పిల్లలూ వచ్చి చుట్టూ నిలబడేవాళ్లు.

"సర్టిఫికెట్లు ఒరిజినల్ ఎవ్వల చేతిల పెట్టొద్దు. జిరాక్సులు ఐదు సెట్లు తీపిచ్చి పెట్టుకో. మొదటి వారం క్లాసు ఎగ్గొట్టకు, దోస్తులు అయ్యేది గప్పుడే. ఇంగ్లీష్ రాదని ఎన్క బెంచీల కూసోకు. అర్థం కాకుంటే లేసి అడుగు. నవ్వేటోళ్లకు గూడ అర్థమై ఉండదు."

స్నేహలత అన్నీ నోట్‌బుక్‌లో రాసుకునేది. ఒకరోజు రాయడం ఆపి, "మామా, నేను ఈ సీటు వదిలేస్త. ఒక సంవత్సరం లాంగ్‌టర్మ్ చదివి మళ్లా మెడికల్ రాస్త" అంది.

"ఒక్క ఏడాదే గదా. ఆగు" అన్నాడు పరుశురాం. ఆలోచించి అన్న మాట కాదు. పదిహేడేళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నది నోటికి వచ్చేసింది.

స్నేహలత మర్నాటి నుంచి లిఫ్ట్ పక్కన చాప వేసుకుని పాత పుస్తకాలు ముందేసుకుంది. మూడు వారాలు గడిచాయి. ఒక రాత్రి గిన్నెలు కడుగుతూ అమృతమ్మ కూతురి వేలు చూసింది. ఉల్లిగడ్డ కోస్తుంటే తెగిన గాటు అది. తెగి ఇరవై రోజులు. ఇప్పుడే తెగినట్టు ఎర్రగా విచ్చుకునే ఉంది. నెత్తురు కారలేదు, పక్కు కట్టలేదు. నొప్పి కూడా లేదంది పిల్ల. ఏమైందో అమృతమ్మకు ఎవరూ చెప్పే పని లేకపోయింది.

తెల్లారి ఆమె వంట పనికి పోలేదు. కుంటుకుంటూ క్యాంపస్ దాకా నడిచి, హాస్టల్ మెట్ల దగ్గర నిలబడి తమ్ముణ్ని కిందికి పిలిపించింది.

"నువ్వు ఆగినవ్. నేను ఒక్క మాటన్న అన్ననా?" అంది. "ఆదివారం ఆదివారం బువ్వ పెట్టిన. నా తమ్ముడు ఎప్పటికన్న కుర్సీల కూసుంటడని అందరికి చెప్పిన. ఇయ్యాల నా బిడ్డను గూడ ఆపితివి గదరా."

"నేనేమన్న అక్కా..."

"ఆగు అన్నవ్. నువ్వు అంటే వినదా అది? ఇంట్ల చదువుకున్నోనివి నువ్వొక్కనివే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "సీటుకు రేపే ఆఖరు తారీకు. ఏం చేస్తవో చెయ్యి."

పరుశురాం ఆమె వెంటే తార్నాకకు వెళ్లి స్నేహలత ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. వచ్చిన సీటు వదులుకోవద్దని, ఆశ పడటం వేరు, ఆగిపోవడం వేరని అరగంట చెప్పాడు. ఆ పిల్ల తల వంచుకుని విన్నది.

"మరి నువ్వు బానే ఉన్నవ్ గదా మామా" అంది చివరికి. "అమ్మను చూడు. నీకన్న రెండేండ్లే పెద్ద. ఒకల్లింట్ల వండుకుంట వండుకుంట ఎట్లైపోయిందో. ఏదో ఒకటి చదివి, ఏదో ఒక పని పట్టుకుని, నేను గూడ గట్లనే కావాల్నా? ఆగితే ఏం పోతది?"

తలుపు దగ్గర నిలబడ్డ అమృతమ్మ లోపలికి వెళ్లి బియ్యం కడగసాగింది.

పరుశురాం లేచాడు. "రేపు పొద్దున సర్టిఫికెట్లు పట్టుకుని హాస్టల్ కాడికి రా. నన్ను చూసినంక నీ ఇష్టం."

మర్నాడు స్నేహలత వచ్చి మెట్ల కింద నిలబడింది. పరుశురాం పై అంతస్తులో వార్డెన్ ఆఫీసుకు వెళ్లి గది ఖాళీ చేస్తున్నట్టు రాసిచ్చాడు. తాళంచెవి బల్ల మీద పెట్టాడు. సామేలుకు ఫోన్ చేసి, "నల్లకుంట ట్యుటోరియల్ల ఎవలన్న కావాలంటివి గదా, నేనొస్త" అన్నాడు. అవతల సామేలు, "మెట్లు నిమ్మళంగ దిగు" అని మాత్రం అన్నాడు.

పరుశురాం రేకు పెట్టె పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. మొదటి మలుపు దగ్గర చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. ఇంకో నాలుగు మెట్లకు బుగ్గలు లోపలికి పోయాయి. కుడి మోకాలు పట్టేసింది, గోడ పట్టుకున్నాడు. పదిహేడేళ్ల జ్వరాలు, అలసట, మిగతావాళ్లందరూ రోజుకింత పడ్డది, అతని మీద వరసగా దిగాయి. కింది మెట్టుకు వచ్చేసరికి వీపు వంగి, ఊపిరి అందక, పెట్టె కింద పడేసి కూర్చున్నాడు.

"మామా!" స్నేహలత పరుగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆమెకు కొత్తగా ఉంది.

"ఇప్పుడు చెప్పు. బానే ఉన్ననా?" అన్నాడు. గొంతు కూడా మారింది. "మీ అమ్మ తల నెరిసింది బిడ్డా. అన్నేండ్లల్ల నిన్ను కన్నది, పెంచింది, సదివిచ్చింది, నాకు బువ్వ పెట్టింది. నాకు గూడ అన్నేండ్లే. ఎన్కకు తిరిగి చూస్తే ఒక్క ఏడాదిల ఏం లేదు. ఒక్క దాంట్ల గూడ."

స్నేహలత ఏడ్చింది. తర్వాత రేకు పెట్టె ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో అతన్ని లేపింది.

కాలేజీ ఆఫీసు ముందు చాంతాడంత లైను. ఎండలో రెండు గంటలు నిలబడ్డారు. మధ్యలో స్నేహలత వేలు చురుక్కుమంది. చూసుకుంటే నెత్తురు. వేలు నోట్లో పెట్టుకుంది గానీ మామతో చెప్పలేదు. అతను చెట్టు కింద చోటు దొరుకుతుందా అని చూస్తున్నాడు.

కిటికీ దగ్గరికి వచ్చాక క్లర్కు ఒక ఫారం బయటికి తోసి, "గార్డియన్ సంతకం" అన్నాడు. పరుశురాం ఫారం దగ్గరికి పట్టుకున్నాడు, దూరం పట్టుకున్నాడు. అక్షరాలు అలుక్కుపోయాయి. నిన్న రాత్రి దాకా సన్నటి అచ్చు పుస్తకాలు చదివిన కళ్లు.

"ఏం రాసున్నది బిడ్డా?"

స్నేహలత మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. "గీడ పెట్టు మామా" అని వేలుతో చూపించింది. అతను పెట్టిన సంతకం గీత దాటి పక్క గడిలోకి పోయింది. క్లర్కు ముద్ర వేసి ఫారం లాక్కున్నాడు.

"అంకుల్, అయిపోతే జెర జరుగుండ్రి" అన్నాడు వెనకనుంచి ఎవరో కుర్రాడు.

ఎవరిని అంటున్నాడో చూద్దామని పరుశురాం వెనక్కి తిరిగాడు.