కాటా ఆయన ఫ్యాన్ల సైటు

కంకర లారీ కాటా మీదికి ఎక్కి ఆగేసరికి ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఎవరి పడకగదిలోనో తిరుగుతున్న ఫ్యాను చప్పుడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి చూసి, లాభం లేక దిగొచ్చి కాటా గది కిటికీలో తల పెట్టాడు.

"బాబాయ్, బరువు చూస్తావా, లేకపోతే కాటా మీదే కాపురం పెట్టెయ్యమంటావా?"

"ఉండవయ్యా, బేరింగు పోయినట్టుంది."

"నా లారీదా?" డ్రైవరు గాభరాగా చక్రాల కిందికి వంగి చూశాడు.

ఆయన ఒక ఇయర్‌ఫోను తీసి యంత్రం వైపు తిరిగాడు. తెర మీద అంకెలు నిలకడగా నిలిచేదాకా చూసి, మీట నొక్కి, చీటీ చించి కిటికీలోంచి ఇచ్చాడు. పెళ్ళికి ముందునుంచీ ఆయన పని అదే. లారీ ఖాళీగా వస్తే తూస్తాడు, నిండి వస్తే మళ్ళీ తూస్తాడు. తేడా ఎంతో యంత్రమే చెబుతుంది. ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు, కాటా ఆయన అంటే చాలు. ఆ గది కూడా ఆయన కొలతలకి కుట్టించినట్టే ఉంటుంది. ఒక బల్ల, ఒక కుర్చీ, కుర్చీ ఊగకుండా కాలి కింద మడతపెట్టిన అట్టముక్క, దుమ్ము పట్టిన కిటికీ, నెత్తిమీద ఒక ఫ్యాను. పొట్ట బల్లకి ఆనుకుంటుంది కాబట్టి సాయంత్రానికల్లా ఆయన చొక్కా మీద అడ్డంగా ఒక దుమ్ముగీత పడుతుంది. అది ఎన్ని సబ్బులు పెట్టినా పోదని ఇంట్లో ఫిర్యాదు.

ఆ ఫ్యాను వల్లే ఇదంతా మొదలైంది. లారీకీ లారీకీ మధ్య చేసే పనేమీ లేక దాని చప్పుడు వినేవాడు. ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో ఒకలా మూలిగేది. వినగా వినగా ఏ మూలుగు దేనివల్లో పట్టుబడింది. పిచ్చి ముదిరింది, తలకి రోకలి చుట్టమన్నట్టు, దాని మీద ఒక వెబ్‌సైటు కూడా పెట్టాడు. ఎవరైనా సైటు తెరిచి, అందులోనే మీట నొక్కి, తమ ఇంటి ఫ్యాను చప్పుడు రికార్డు చేసి పంపొచ్చు. ఆయన విని జబ్బేమిటో రాస్తాడు. పైన కొక్కేన్ని కప్పే గిన్నె, అంటే పైగిన్నె, వదులైంది, రెక్క వంగింది, కండెన్సరు మార్చండి. అన్నిసార్లూ సరిగ్గా చెబుతాడని కాదు. ఒకావిడ పంపిన గరగర విని, బేరింగు మార్చి తీరాలని గట్టిగా రాశాడు. అది వాళ్ళాయన గురక. "మార్చే వీలుందా?" అని ఆవిడ ఆశగా తిరిగి రాసింది.

వచ్చేవాళ్ళు కొద్దిమందే గాని, వచ్చినవాళ్ళు వదిలిపోరు. అందరికంటే పాత మనిషి పెద్దమ్మ. ఆవిడ ఎవరో, ఎక్కడుంటుందో ఆయనకి తెలీదు. సైటులో ఆవిడ పెట్టుకున్న పేరే అది. కొత్తలో ఒక్క పురుగు కూడా రాక, ఇంక మూసేద్దామని కూర్చున్న రోజున ఆవిడ దగ్గర్నుంచి ఒక చప్పుడు వచ్చింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పంపుతుంది. ఆవిడ ఫ్యానుకి ఏ రోగమూ లేదు. కొంతమంది ఊరికే డాక్టరు దగ్గరికెళ్ళి చెయ్యి చాపి కూర్చుంటారే, అలా పంపుతుందంతే. "ఈ పూట ఎలా ఉంది బాబూ?" అని అడుగుతుంది. "బాగుంది పెద్దమ్మగారూ, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అని ఆయన రాస్తాడు. ఆ ఒక్క ముక్కా రాస్తేగాని ఆయనకి తెల్లవారినట్టు ఉండదు.

ఈ పూట పొద్దెక్కినా ఆవిడ చప్పుడు రాలేదు. ఆవిడ కూడా అలిగి వెళ్ళిపోయిందేమోనని ఆయనకి దిగులు పట్టుకుంది. అలా భయపడటానికి కారణం ఉంది. ఈమధ్యే ఆయన సైటులో ప్రకటనలు పెట్టాడు.

అది భార్య పెట్టిన షరతు. ఆవిడ బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది, లెక్క దగ్గర మొగుడైనా ముక్కుమొహం తెలియనివాడైనా ఆవిడకి ఒకటే. "మీ సైటు తిండి అది సంపాదించుకోవాలండీ. ఈసారి దాని అద్దె ఇంట్లో డబ్బుల్లోంచి కట్టేది లేదు" అని తేల్చేసింది. ఆ మాటలో తప్పేమీ దొరక్కపోవడం వల్ల ఆయనకి ఇంకా కోపం వచ్చింది. ప్రకటనల కంపెనీకి రాశాడు. అక్కణ్ణుంచి మాట్లాడే అమ్మాయి మొదట పేజీ పక్కన చిన్న బొమ్మ పెట్టింది. దాని మొహం చూసినవాడు లేడు. దాంతో పేజీ తెరవగానే అడ్డంగా వచ్చి నిలబడే పెద్ద బొమ్మ పెట్టింది. అదేమన్నా చీరలదా, సబ్బులదా? ఏసీది. మంచుకొండ మీద కూర్చుని నవ్వుతున్న ఒక కుటుంబం, కింద "ఇంకా ఫ్యానేనా?" అని ఒక ప్రశ్న. పెళ్ళింట్లో విడాకుల లాయరుకి కుర్చీ వేసినట్టయింది.

కొందరు కోపంగా రాశారు, కొందరు రాయకుండానే మానేశారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ప్రకటన ఉంచితే మనుషులు పోతారు, తీస్తే సైటే పోతుంది. రోజూ లారీలకి లారీలు తూచే మనిషికి ఈ తూకం మాత్రం తేలలేదు.

కంకర లారీ వెళ్ళాక ఆయన రెండో చప్పుడు విన్నాడు. ఫ్యాను బాగానే తిరుగుతోంది గాని, నిన్న ఒకరిదాంట్లో విన్నట్టే మొదట్లో ఒకసారి టింగుమంది. "పైగిన్నె స్క్రూ వదులైంది, బిగించండి" అని రాశాడు. తర్వాతిదాంట్లోనూ టింగు. అదే జవాబు రాశాడు. ఆ తర్వాతిదీ టింగుమనేసరికి ఆయన నిటారుగా కూర్చున్నాడు. లోకంలో స్క్రూలన్నీ కూడబలుక్కుని వదులవుతున్నాయేమోనని, దాని మీద పెద్ద వ్యాసం రాద్దామని కూడా అనుకున్నాడు. అప్పటికే సైటులో గగ్గోలుగా ఉంది. నిన్న ఆయన మాట నమ్మి స్క్రూలన్నీ బిగించినా టింగు పోలేదని, ఫ్యాను దింపి, విప్పి, ముక్కలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నానని ఒకాయన రాశాడు. ఆయన భార్య పక్కింట్లో పడుకుందట.

ఇంతలో ఇసుక లారీ వచ్చింది. దాని డ్రైవరు చీటీ కోసం నిలబడి, ఊసుపోక ఫోను తీశాడు.

"నీ సైటు గురించి మావాళ్ళు ఒకటే చెప్పుకుంటున్నారు బాబాయ్. ఏముంటుందో చూద్దామని తెరిచా."

అతని చేతిలో ఫోను టింగుమంది.

ఆయన చెయ్యి చీటీ మీదే ఆగిపోయింది. సైటు యజమాని కాబట్టి ఆయన తెరిస్తే ప్రకటనలు రావు, ఆ అమ్మాయి ముందుగా పంపిన బొమ్మ చూడటమే. మంచుకొండ కుటుంబం నిన్నట్నుంచి టింగుమంటూ వస్తోందనీ, జనం రికార్డు మీట నొక్కగానే మళ్ళీ వచ్చి అది కూడా అందులో దూరుతోందనీ ఆయనకి అప్పుడు వెలిగింది. వెంటనే ప్రకటనల అమ్మాయికి ఫోను చేశాడు.

"అమ్మా, ఆ టింగు తీసెయ్యాలి."

"తీస్తే మీకొచ్చేది సగానికి పడిపోతుంది సార్. ఆ సౌండుకే కదా జనం అటు చూసేది."

"మా జనం చూసి ఊరుకోరమ్మా, నిచ్చెనెక్కుతారు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "మీ సైటంటే మా ఆఫీసులో చాలా మంచి పేరు సార్. ఒకరైతే రోజూ పొద్దున్నే తప్పకుండా ఆ ప్రకటన నొక్కుతున్నారు. మొన్న మీ సైటు నుంచే ఒక ఏసీ కూడా అమ్ముడుపోయింది. ఇంత నమ్మకమైన జనం ఎవరికుంటారు సార్?"

సాయంత్రానికి ఏ సంగతీ చెబుతానని పెట్టేశాడు. సగం గర్వం, సగం ఒళ్ళుమంట. తన నీడన కూర్చుని ఏసీకి అమ్ముడుపోయిన ఆ ద్రోహి ఎవరా అని ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. గురక ఆవిడ మీద అనుమానం బలంగా ఉంది.

డబ్బా విప్పి అన్నం తింటూ భార్యకి ఫోనులో సంగతంతా చెప్పాడు. తిట్టించుకోవడానికి సిద్ధపడే చెప్పాడు. ఆవిడ బిల్లులు కొడుతూనే అంతా వింది. వెనకాల దుకాణంలో బిల్లుల మిషను చప్పుడు వినబడుతోంది.

"చప్పుడు వినడానికొచ్చే చోట చప్పుడు చేసేదాన్ని పెడతారటండీ ఎవరైనా? తీసెయ్యండి."

"మరి అద్దె?"

"నేను కడతాలెండి. కట్టానని మాత్రం ఎవరితోనూ అనకండి, అలుసైపోతాను."

ఆయనకి గుండెల మీంచి లారీ దిగినట్టయింది. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా ప్రకటన తీసేశాడు. పొరపాటు తనదేనని, స్క్రూల జోలికి పోవద్దని, విప్పినవాళ్ళు మళ్ళీ బిగించుకోవాలని అందరికీ రాశాడు. ఈ కబురు పెద్దమ్మకి తను ప్రత్యేకంగా చెప్పాలనుకుంటూ ఉండగానే ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

"బాబూ, ఈ పూట చప్పుడు రాలేదని ఎదురుచూసి ఉంటావు. నీ సైటులో ఆ బొమ్మ నొక్కితే నీకు నాలుగు డబ్బులొస్తాయని ఎవరో చెప్పారు. నువ్వు సైటు మూసేస్తావేమోనని నాకు భయం. అందుకని రోజూ చప్పుడు పంపాక దాన్ని కూడా ఒకసారి నొక్కేదాన్ని. అది మా అబ్బాయి కంటపడింది. అమ్మకి ఏసీ మీద మనసైంది, నోరు విడిచి అడగలేకపోతోంది అనుకున్నాడు పిచ్చి వెధవ. నిన్న తెచ్చి పెట్టించాడు. వాడి సంబరం చూసి వద్దనలేకపోయాను. పాత ఫ్యాను ఆ వచ్చినవాళ్ళే పట్టుకుపోయారు. ఏసీ బాగానే ఉంది గాని, ఉలకదు, పలకదు. నీకు పంపడానికి నా దగ్గరేమీ లేదు. పనీపాటా లేకుండా వచ్చి కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని నా పేరు తీసేసుకుంటున్నాను. సైటు మాత్రం మూసెయ్యకు. ఉంటాను మరి."

పొద్దుట్నుంచీ తను తిట్టుకున్న ద్రోహి ఈవిడ. ఆయనకి ఏడుపొచ్చింది. "చప్పుడు లేకపోయినా పరవాలేదు, ఊరికే రండి పెద్దమ్మగారూ" అని గబగబా రాసి పంపాడు. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని సైటే జవాబిచ్చింది. ఆ జవాబు సైటు పెట్టినప్పుడు ఆయన రాసిందే.

బయట ఖాళీ లారీ వచ్చి హారను కొట్టింది. తూచి పంపించాడు. మళ్ళీ కూర్చుని ఉత్తరం చివరిదాకా దించి చూశాడు. రోజూ చప్పుడు ఉండే చోట ఈసారి ఒక ఫోటో ఉంది. తెల్లటి పైకప్పు, దాని నడుమ ఒక ఇనప కొక్కెం, పక్కనే కొసలకి నల్లటేపు చుట్టిన రెండు వైర్లు.