చిన్న గది లేని మ్యాపు

అల్మరాలు చేసే కంపెనీలో అతన్ని అందరూ టేపురాజు అనేవారు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడల్ని కొలిచి, ఆ తర్వాత మనుషుల్ని పలకరించే రకం. ఇంటివాళ్ళు ఏదైనా మార్చమంటే కొత్త బొమ్మ గీసి, పాతదాన్ని అక్కడికక్కడే చించి పారేసేవాడు. ఒకసారి వడ్రంగులు పాత బొమ్మ చూసి చెక్క కోసేశారు. అందరి ముందూ చీవాట్లు తిన్నది మాత్రం ఇతనే. అప్పటి నుంచి పాత కాపీ కంటపడితే తేలు కంటపడినట్టే చేసేవాడు. చివరికి ఆ అలవాటే అతని కొంప ముంచింది.

వారమంతా గోడలు కొలిచింది చాలనట్టు, ఆదివారం వచ్చిందంటే కంప్యూటర్లో గోడలు కట్టేవాడు. ఎర్ర జట్టు, నీలం జట్టు అని రెండుగా విడిపోయి, మధ్యలో ఉన్న జెండా కోసం తుపాకులతో కొట్టుకునే ఆట ఒకటుంది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆడతారు. ఆ కొట్లాటకి కావలసిన ఇళ్ళూ వీధులూ ఆడేవాళ్ళే కట్టి పెట్టుకోవచ్చు. వాటినే మ్యాపులంటారు. టేపురాజుకి కొట్టుకోవడం బొత్తిగా చేతకాదు, అడుగు పెట్టిన చోటే చచ్చేవాడు. మ్యాపు కట్టడంలో మాత్రం అతని తర్వాతే ఎవరైనా. ఏ జట్టు ఎటు నుంచి వచ్చినా జెండాకి దూరం సమానంగా ఉండాలి, ఎవరికీ అన్యాయం జరగకూడదు. అదొక్కటే అతని పట్టుదల.

అతని భార్య పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేసేది. పొద్దున్నే లేచిన ముఖం చూసి ఆటలో ఆమెకి నిద్రమొహం అని పేరు పెట్టింది అతనే. కడుపుతో ఉన్నప్పుడు మంచం దిగొద్దన్నారు. పడుకుని పడుకుని విసుగెత్తి ఒకరోజు అంది.

“ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ కట్టిపెడతావు. మన ఇల్లు కట్టవేం?”

“అద్దె ఇల్లు. దీనికంత సీను ఉందా?”

“నాకుంది. కట్టు.”

కట్టాడు. హాలు, వంటిల్లు, నడవా, అన్నీ అంగుళం తేడా లేకుండా. పుట్టబోయే బిడ్డ కోసం అనుకున్న చిన్న గది దగ్గరికి వచ్చేసరికి ఆమె అడ్డుపడింది. “ఇది నాది. ఇందులో నువ్వు వేలు పెట్టకు.” దిండుకి ఆనుకుని కూర్చుని మ్యాపులు కట్టే ప్రోగ్రాం తనే నేర్చుకుంది. ఊయల పెట్టింది, తెర కట్టింది, చాప పరిచింది, చెక్క బాతుని తెచ్చి ఎక్కడో నిలబెట్టింది. నచ్చక అన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టేది. అంతా అయ్యాక మురిసిపోతూ చూపించింది. ఇతగాడు తలుపు వెడల్పు సరిపోయిందో లేదో చూసి, “బాగుంది” అన్నాడు. ఏం చెప్పమంటారు అలాంటి మనిషిని!

ఏడో నెలలో పాప పోయింది. లోకాన్ని చూడకుండానే పోయింది.

ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేలోపు టేపురాజు ఇంట్లో ఉన్న అసలు గదిని ఖాళీ చేసేశాడు. బిడ్డ కోసం ముందే కొని పెట్టిన ఊయల విప్పి, తెర దించి, ఎవరికో ఇచ్చేశాడు. అవి కంటపడితే ఆమె తట్టుకోలేదని భయం. మంచికే చేశాడు, కాదనను. కానీ ఒక్క మాట అడిగితే అతని సొమ్మేం పోయేది? ఆమె గుమ్మంలో నిలబడి నేలని చూసి, “తుడిచావు కూడానా?” అంది. ఆ తర్వాత ఆ గది ఊసు ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆ ఇల్లే ఖాళీ చేసి వేరేచోటికి మారారు.

ఆటలో మాత్రం ఆ ఇల్లు అలాగే ఉంది. పైగా దానికి మంచి పేరొచ్చింది, జనం ఎగబడి ఆడుతున్నారు. ఆమె కూడా పని నుంచి రాగానే సోఫాలో ఓ మూల లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆటలోకి వెళ్ళేది. హమ్మయ్య, కోలుకుంటోంది అనుకున్నాడతను. పక్కనే కూర్చుని ఒక్కసారైనా ఆమె స్క్రీన్ వైపు తొంగి చూడలేదు.

ఇంతలో ఆడేవాళ్ళు గోల మొదలుపెట్టారు. ఆ చిన్న గదికి ఒకటే తలుపు, అదేమో ఎర్ర జట్టుకి దగ్గర. ఎవరో ఎప్పుడూ లోపలే నక్కి కూర్చుంటున్నారు, జెండా వైపే రావడం లేదు అని. అన్యాయం అన్న మాట వినేసరికి టేపురాజుకి నిద్ర పట్టలేదు. ఆదివారం కూర్చుని తలుపు తీసేసి గోడ కట్టేశాడు. గోడ వెనక ఉన్నవి ఎవరికీ కనిపించవు కదా, మ్యాపుకి ఉత్త బరువు అని అవీ చెరిపేశాడు. కొత్త మ్యాపు ఎక్కించి, అలవాటు ప్రకారం పాతదాన్ని తుడిచేశాడు.

మర్నాడు సాయంత్రం ఆమె లాప్‌టాప్ తెరిచిన కాసేపటికే, “తలుపేది?” అంది.

“ఏ తలుపు?”

“చిన్న గది తలుపు.”

“ఓ, అదా! మూసేశా.” అతను హుషారుగా ఇటు తిరిగాడు. “ఎవడో దద్దమ్మ రోజూ అందులోనే తిష్ట వేస్తున్నాడట. అందరూ ఒకటే గోల. ఇప్పుడు చూడు, రెండు జట్లకీ సరిసమానం!”

“లోపలివి?”

“తీసేశా. గోడ వెనక ఎందుకు, దండగ.”

“పాతది ఉందా?”

“పాతది నేను ఉంచుతానా?” అన్నాడు గొప్పగా. అనేశాక చూశాడు ఆమె ముఖం. ఆమె లాప్‌టాప్ మూసి లోపలికి వెళ్ళింది. పొద్దున్నే బ్యాగు సర్దుకుని అక్కగారింటికి వెళ్ళిపోయింది.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. చివరికి వదినే ఎత్తింది.

“ఏమయ్యా మరిదీ, బుర్రనేది ఉందా నీకు? లేక అది కూడా ఎక్కడో కొలిచి వదిలేసి వచ్చావా?”

“నేనేం చేశాను వదినా? ఆటలో ఒక గోడ...”

“ఆ గదిలో తిష్ట వేసిన దద్దమ్మ ఎవరనుకున్నావు? మా చెల్లి! రోజూ వెళ్ళి ఆ ఊయల పక్కన కూర్చునేదట. ఎవడో వచ్చి కాల్చేవాడట. చచ్చి, మళ్ళీ లేచి, నడుచుకుంటూ అక్కడికే వెళ్ళేదట. నీ ఇంట్లో గది ఎలాగూ ఊడ్చేశావు. అదొక్కటే మిగిలింది దానికి. అదీ ఊడ్చేశావు.”

“తను తిరిగొస్తుందా?” అన్నాడతను.

“ముందు ఆ గది తెచ్చివ్వు. తర్వాత అడుగు,” అంది వదిన.

పాత మ్యాపు ఎవరి దగ్గరైనా ఉందేమోనని ఆడేవాళ్ళందరినీ బతిమాలాడు. కొత్తది రాగానే పాతది అందరి కంప్యూటర్లలోంచీ దానంతటదే పోయిందట. ఇక తనే కట్టాలి. గోడలు చిటికెలో లేచాయి. కొలతలన్నీ నోటికొచ్చు. కానీ ఆటలో ఆమె కట్టిన తెర రంగేమిటి? నీలమా, పచ్చా? బాతు ఎక్కడ ఉండేది? ఊయల ఏ పక్క? ఆమె అంత మురిపెంగా చూపించినప్పుడు తను చూసింది తలుపు వెడల్పొక్కటే! తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తోచినట్టు సర్దాడు, చెరిపాడు, మళ్ళీ సర్దాడు. చివరికి వేరే ఎవరూ రాకుండా ఆ మ్యాపుకి తాళం వేసి, రమ్మని వదినతో కబురు పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆటలో ఉన్నవాళ్ళ జాబితాలో నిద్రమొహం అన్న పేరు వెలిగింది. ఆటలో ఆమెగా నడిచే బొమ్మ నడవా దాటి, చిన్న గదిలోకి వచ్చి నిలబడింది.

“కొలతలు సరిగ్గా ఉన్నాయి,” అంది ఆమె హెడ్‌ఫోన్లలో. “నీకు కొలతలెప్పుడు తప్పాయి గనక.”

“తెర?”

“పసుపు. పోనీలే.”

“ఊయల?”

ఆమె బొమ్మ ఊయల వైపు తిరిగింది. “కిటికీ పక్కన కాదు. తలుపుకి ఎదురుగా.”

“దారికి అడ్డం కదా అక్కడ?” అలవాటు కొద్దీ నోరు జారాడు.

“అడ్డమే. వంటింట్లో నిలబడితే కనిపించాలని పెట్టాను. పాప నిద్ర లేస్తే చూసుకోవాలి కదా.”

“ఒక్క నిమిషం ఉండు, జరిపేస్తా. ఇప్పుడే.”

“జరుపు. కానీ ఇది నేను సర్దింది కాదు, నువ్వు సర్దింది. నేను సర్దిన గదిలోకి వెళితే పాప అక్కడే ఉన్నట్టుండేది నాకు. ఇందులో లేదు. నువ్వు కావాలని చేయలేదని తెలుసు. కానీ ఎప్పుడూ అడగవు.”

అతను ఆదరాబాదరా ఊయలని ఎత్తి తలుపుకి ఎదురుగా పెట్టాడు. ఆటలోనే పరుగున ఆ ఇంటి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గర నిలబడి వెనక్కి తిరిగాడు. ఆ వంటింట్లో ఎన్నోసార్లు తిరిగాడు గానీ ఒక్కసారీ ఇటు తల తిప్పలేదు. తెరిచిన తలుపులోంచి ఊయల మొత్తం కనిపిస్తోంది.

“కనిపిస్తోంది!” అని అరిచాడు. “ఇక్కడి నుంచి కనిపిస్తోందే, నిజంగానే!”

నిద్రమొహం అన్న పేరు అప్పటికే ఆరిపోయింది. జాబితాలో అతని పేరొక్కటే ఉంది. టేపురాజు పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. పాప పోయిన రోజున కూడా కంట తడి పెట్టని మనిషి, ఆ ఖాళీ ఊయలని చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు.