ఒక్క రూపాయి వాన

గంగాదేవి పొద్దున లేవగానే వాకిట్లోకి వచ్చి తల పైకెత్తి చూస్తుంది. మబ్బు లేకపోతే మొదటి మగ్గం గుంతలో కూర్చుంటుంది. మబ్బు ఉంటే రెండో మగ్గం గుంతలో. కోడుమూరులో మబ్బు కనిపించే పొద్దులు చాలా తక్కువ కాబట్టి ఆ రెండో మగ్గం మీద ఏడాదిలో ఎక్కువ భాగం పాత దుప్పటి కప్పి ఉంటుంది. వాన గురించి చెప్పడానికి నీకేం అర్హత ఉందని నన్ను అడగకండి. గొడుగు కొని పదకొండేళ్లయింది, దాని ప్లాస్టిక్ తొడుగు నేనింకా తీయలేదు.

ఆమె నేసిన బట్టలో, నేసిన దినం ఉంటుంది. ఎండ దినాన నేసిన మడత విప్పితే ఎండ కాస్తుంది. అందుకే ఆ చీరలు చలికాలంలో అమ్ముడుపోతాయి. వాన దినాన నేసిన మడతను మొదటిసారి విప్పితే పావుగంట వాన పడుతుంది. ఒక్కసారే. ఆ తర్వాత అది మామూలు నూలు చీర, ఉతుక్కోవచ్చు, ఇస్త్రీ చేసుకోవచ్చు. ఇరుగుపొరుగుకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే: విప్పేముందు ఒక మాట చెబితే దండెం మీది బట్టలు తీసుకుంటాం కదా అని.

పోయిన యేడు ఊళ్లో నేతకు పనికొచ్చే వాన ఐదు దినాలు పడింది. ఐదు దినాలకు ఐదు మడతల చీర ఒకటి దిగింది. దాన్ని బద్వేలు లక్ష్మీదేవమ్మ కొన్నది. వాళ్లకు చీనీ, అంటే బత్తాయి, తోట ఉంది, బోరు ఎండిపోయింది, కూతురు హర్షిణి పెండ్లి దగ్గరపడింది. ఒక మడత పెండ్లిమంటపానికి, నాలుగు మడతలు చీనీచెట్లకు అని ఆమె లెక్క. పదైదు వేలు ముందే పంపింది, మిగతాది చీర చేరాక. ఆ డబ్బు వచ్చిన వారానికే నూలు ఖర్చు కిందికి పోయింది.

గంగాదేవి మొగుడు మద్దయ్య చీరను అట్టపెట్టెలో పెట్టుకుని జింక కొరియర్ కొట్టుకు పోయాడు. అక్కడి అమ్మాయి విలువ ఎంత రాయాలని అడిగింది.

"ఒక్క రూపాయి" అన్నాడు మద్దయ్య.

కొత్త పడుగు మీద దిగిన మొదటి చీర ధరను, అది కొన్నవాళ్ల ఒంటిమీదికి చేరేదాకా ఆ ఇంట్లో నోటితో చెప్పరు, కాగితం మీద రాయరు. చెబితే తర్వాతి చీరలకు దిష్టి. లక్ష్మీదేవమ్మకు కూడా వీడియోకాల్లో చేతిగుడ్డ కింద వేళ్లు పెట్టి చూపించాడు. ఆమెకు రెండు సార్లు అర్థం కాలేదు.

"పెద్దాయనా, రూపాయి అని రాస్తే, రేపు ఏమన్నా అయితే రూపాయే వస్తాది" అన్నది అమ్మాయి.

"మా తాత కాలం నుంచీ అంతే రాస్తాండాం. రాయమ్మా" అన్నాడు మద్దయ్య, ఏదో తామ్రశాసనం రాయిస్తున్నట్టు.

నాలుగో దినం బద్వేలు నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమప్పా మద్దయ్యా, పెట్టెకు ఇంత బొక్క ఉండాది. చీరకూ ఉండాది. మూడు మడతలు విప్పితే ఒక్క చుక్క రాలా. మా హర్షిణి మొగం చూడలేకపోతాండా" అన్నది లక్ష్మీదేవమ్మ.

కల్లూరులో జింక కొరియర్ గోడౌను ఉంది. సరుకు దించేటప్పుడు ఎవరో బస్తా అనుకుని పెట్టెకు ఇనప కొక్కెం వేసి లాగారు. కొక్కెం నాలుగు మడతల్లోంచి దిగింది. నాలుగు దినాల వాన గోడౌను నేలపాలైంది. చీర తిరిగి ఇంటికొచ్చాక గంగాదేవి మడతల మధ్య చెయ్యి పెట్టి చూసింది. లోపల కొంగు మడత ఒక్కటి చల్లగా తగిలింది.

ఆ సంగతి తెలిసి లక్ష్మీదేవమ్మ మెత్తబడింది. "సరే, ఆ ఒక్క మడత ఉన్నట్టే పంపు. ఐదువేలు దానికి పట్టుకుంటా. మిగతా పదివేలు శుక్రవారానికి నా చేతిలో ఉండాల. లేదంటే మా ఇంటాయన జీపేసుకుని వస్తాడు, ఒక మగ్గం ఎత్తుకపోతాడు. నన్ను అనుకుంటే లాభం లేదప్పా."

ఏ మగ్గం ఎత్తుకుపోతాడో అడగాల్సిన పని లేదు. దుప్పటి కప్పినదాన్నే ఎవరైనా ముందు ఎత్తుతారు.

కొరియరువాళ్లు నష్టపరిహారం అడగడానికి ఏడు దినాల గడువు ఇచ్చారు. మద్దయ్య ఆరు దినాలు కల్లూరుకు తిరిగాడు. మొదటిరోజు పెట్టె ఫోటో కావాలన్నారు. రెండోరోజు ఫోటోలో కొలబద్ద ఉండాలన్నారు. మూడోరోజు ఆ కొలబద్ద సెంటీమీటర్లలో ఉండాలన్నారు. నాలుగోరోజు సెలవు. ఐదోరోజు దరఖాస్తు ఇంగ్లీషులో రాసుకురమ్మన్నారు. రాయించుకుపోతే ఆరోరోజు, తెలుగులో అయినా పర్వాలేదే అన్నారు.

ఏడోరోజు గంగాదేవి చీర సంచీలో పెట్టుకుని తానూ బయల్దేరింది. షేర్ ఆటోలో ఇద్దరి మోకాళ్లూ ఎవరివో మోకాళ్లకు తగులుతుండగా మద్దయ్య కళ్లద్దాలు పెట్టుకుని రసీదు వెనకవైపు చీమల్లాంటి అక్షరాలు చదవసాగాడు. పద్నాలుగో నిబంధన దగ్గర ఆగాడు.

"ఇది వినుమే. 'రాసిన విలువ గానీ, లేదా అదే వస్తువును గానీ తిరిగి ఇవ్వబడును' అంట."

"ఆరు దినాలు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగినావు కదా, ఇప్పుడు చదువుతాండావా?" అన్నది గంగాదేవి.

మద్దయ్య కాగితాన్ని కళ్లకు ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు. రసీదు వెనకవైపు చదివిన మనిషిని నేనైతే నా జన్మలో చూడలేదు, అద్దంలో కూడా.

బ్రాంచి మేనేజరు పేరు భూపేష్. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లు పోయేసరికి నాలుగుంబావు. కంప్యూటరు ఐదింటికి గడువు మూసేస్తుంది.

"మద్దయ్యా, మళ్లీ వచ్చినావా? నీ రూపాయి రెడీగా ఉండాది" అని సొరుగు లాగాడు.

"రూపాయి వద్దు సారూ. పద్నాలుగో నంబరు ప్రకారం అదే వస్తువు ఇయ్యండి."

భూపేష్ రసీదు తిరగేసి చదివాడు. తన కంపెనీ రసీదు వెనకవైపు అతనూ అదే మొదటిసారి చూస్తున్నట్టుంది.

"సరే. వస్తువేంది? నూలు చీర. యాడుంది? నీ సంచీలో ఉండాది. ఒక తూటు పడింది, కుట్టించి ఇస్తాం. ఇంకేం పోయింది?"

"నాలుగు దినాల వాన పోయింది" అన్నది గంగాదేవి.

"ఉండిందని రుజువేందమ్మా? చీర ఎండిపోయి ఉండాది కదా."

గోడౌను ఊడ్చే జెస్సీ గుమ్మం దగ్గర చీపురు ఆపింది. "సార్, ఆ దినం నేను నాలుగు మార్లు నేల తుడిస్తి. తుడిచేకొద్దీ నీళ్లే. ఈడ కొళాయే లేదు కదా సార్."

"పైపు పగిలిందని నేను పైకి రాసేసినా. నువ్వు పోయి నీ పని చూస్కో."

"పైపు కూడా లేదు సార్" అని జెస్సీ గొణిగి, అక్కడే నిలబడింది.

నాలుగున్నర. గంగాదేవి సంచీలోంచి చీర తీసి బల్ల మీద పెట్టింది. మద్దయ్యకు ఆమె మనసులో ఏముందో తెలిసిపోయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. ఇది విప్పితే ఆ ఐదువేలు కూడా పోతాయి. ఈయన అయినా ఇయ్యకుంటే పదైదు వేలు యాడనుంచి తెస్తాం?"

"విప్పకుంటే పదివేలు యాడనుంచి తెస్తావు?"

"ఎవరి కాళ్లన్నా పట్టుకుంటా."

"ఆరు దినాలు పట్టుకున్నది ఏందంట మరి?" అన్నది గంగాదేవి. ఆమె గొంతు పైకి లేవలేదు. "రెండో మగ్గం పోయినాక వాన వచ్చిందనుకో, నేను వాకిట్లో నిలబడి ఊరికే చూస్తుండాల్నా?"

మద్దయ్య చెయ్యి తీశాడు.

ఆమె కొంగు మడత విప్పింది.

మొదట ఫ్యాను గాలి బరువెక్కింది. తర్వాత టేబులు మీది కాగితాల మీద టపటపా పెద్ద చుక్కలు పడ్డాయి. ఆ వెంటనే దబదబా కురిసింది. సీలింగుకు బెత్తెడు కిందనుంచి, గోడ నుంచి గోడ దాకా. నల్లరేగడి తడిసిన వాసన గది నిండింది.

"కంప్యూటర్!" అని మద్దయ్య కేకేశాడు. అది తడిస్తే గడువూ పోయినట్టే. జెస్సీ చీపురు పారేసి, పార్సిళ్లకు చుట్టే ప్లాస్టిక్ పట్టా లాక్కొచ్చి కంప్యూటరు మీద పట్టుకుంది. మద్దయ్య రెండో కొస పట్టుకున్నాడు. నాలుగు నలభై ఒకటి.

భూపేష్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోతున్నా గడ్డం కిందనుంచి నీళ్లు కారుతున్నా అలాగే కూర్చున్నాడు.

"ఇది ఏ దినం వానమ్మా?" అని అడిగాడు.

"పోయిన ఆగస్టు పన్నెండు. మంగళవారం. మూడుకు పట్టుకుంది."

"మాది మీ ఊరికి అవతల నాలుగు మైళ్లు" అన్నాడు భూపేష్. "ఆ దినం మూడున్నరకు మా నాయన ఫోన్ చేసినాడు. వాన పడతాంది, చేను తడిసింది, రారా విత్తనం ఏద్దాం అని. నేను డ్యూటీలో ఉండా అన్నా. నేలలో పదును మూడు దినాలే ఉంటాది. నేను నాలుగో దినం పోయినా."

పట్టా మీద చినుకుల చప్పుడు ఒక్కటే.

"చేను బీడు పడింది. మా నాయన కోప్పడలేదు. కోప్పడింటే బాగుండు. అప్పట్నుంచి నాకు ఫోనే చేయడు."

"సారూ, నాలుగు నలభై ఆరు" అన్నాడు మద్దయ్య. అతని గొంతులో జాలి ఉంది, కానీ గడియారం కూడా ఉంది.

భూపేష్ లేచాడు. పట్టా కిందికి తల దూర్చి, కూర్చోకుండానే కీబోర్డు మీద వేళ్లు ఆడించాడు. 'రాసిన విలువ' అన్న చోట నొక్కలేదు. 'అదే వస్తువు' అన్న చోట నొక్కాడు. కంప్యూటరు ఒక్కొక్కటే అడిగింది. వస్తువు పేరు? ఐదు దినాల వాన చీర. ఎవరి దగ్గర కొనాలి? గంగాదేవి, కోడుమూరు. ఎవరికి ఇవ్వాలి? మద్దయ్య, కోడుమూరు. ధర?

భూపేష్ తల బయటపెట్టి మద్దయ్యను చూశాడు. మద్దయ్య నోరు తెరిచి, మూసి, పట్టా కింద వేళ్లు చూపించాడు. భూపేష్‌కు మొదటిసారికే అర్థమైంది. ఇరవై వేలు కొట్టాడు.

కంప్యూటరు చక్రం తిప్పింది. తిప్పుతూనే ఉంది. నాలుగు యాభై మూడు. వాన సన్నబడింది. నాలుగు యాభై ఐదు. ఆగిపోయింది. నలుగురూ పట్టా కింద తలలు దగ్గరపెట్టి తెర వైపే చూస్తున్నారు. నాలుగు యాభై ఏడుకు తెర మీద ఆకుపచ్చ గుర్తు పడింది.

"హెడ్డాఫీసు నన్ను ఊరికే విడిచిపెట్టదు" అన్నాడు భూపేష్, తల తుడుచుకుంటూ.

గురువారం డబ్బు పడింది. మద్దయ్య అదే పూట లక్ష్మీదేవమ్మ పదైదు వేలూ పంపేశాడు. ఆమె పొద్దుటూరులో పట్టుచీర కొంటామని చెప్పి, పెండ్లికి రమ్మని కూడా అన్నది. జీపు రాలేదు.

హెడ్డాఫీసు మాత్రం వారం వారం కల్లూరుకు ఫోన్ చేయసాగింది. కంపెనీ డబ్బు కట్టిన ఐదు దినాల వాన చీర ఇంకా ఎందుకు తయారు కాలేదని. "సార్, వాన రావాల సార్" అని భూపేష్ వారం వారం చెప్పాడు. వాళ్లు ఆ మాటనే రికార్డులో రాసుకుని, పని మొదలైన గంటలోపు తెలియజేయాలని ఉత్తర్వు పంపారు. భూపేష్ ఆ ఉత్తర్వును మద్దయ్యకు చదివి వినిపించాడు.

జూన్ నెలలో ఒక గురువారం, పదకొండు దాటాక, దక్షిణం నుంచి మబ్బు లేచింది. గంగాదేవి మొదటి మగ్గంలో పోగు తెంపకుండా అలాగే వదిలి, దుప్పటి లాగేసి రెండో గుంతలోకి దిగింది. తొలి చినుకు రేకుల మీద పడ్డప్పుడు పోగు లాగే నాడె అప్పటికే కదులుతోంది. మద్దయ్య ఉత్తర్వు ప్రకారం ఫోన్ చేశాడు.

"సారూ, మీ చీర మొదలైంది. గట్టిగా పడతాంది. మీ ఊరి తట్టు ఇంకా నల్లగా ఉండాది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

మధ్యాహ్నం మూడింటికి హెడ్డాఫీసువాళ్లు కల్లూరుకు ఫోన్ చేశారు. జెస్సీ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎత్తింది.

"సార్ లేడు సార్" అన్నది. "విత్తనానికి పోయినాడు."

ఎప్పుడొస్తాడని వాళ్లు అడిగారు.

"అది వాళ్ల నాయనను అడగాల సార్. బయల్దేరేముందు సార్ ఫోన్ చేస్తే ఆయన ఎత్తినాడు."