రెండో గేరు

బిక్షమయ్య బానెట్ ఎత్తి ఆయిల్ పుల్ల బయటికి లాగాడు. పాత బనియన్ గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు. నూనె గీత దాకా ఉంది. రేడియేటర్‌లో చెంబెడు నీళ్ళు పోసి, చోక్ లాగి తాళం తిప్పాడు. ముప్పై మూడేళ్ళ మారుతి రెండుసార్లు దగ్గి అందుకుంది.

చైతన్యపురిలోని ఆ డ్రైవింగ్ స్కూల్లో ఇరవై ఆరేళ్ళుగా బండి అదే, నేర్పేదీ ఆయనే. మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. రోజుకు పదిమంది దాన్ని హింస పెడతారు. క్లచ్ సగం తొక్కి యాక్సిలరేటర్ నొక్కుతారు, మొదటి గేరులోనే మెట్రో స్తంభాలన్నీ దాటిస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కసారే ఇంజన్ విప్పి పిస్టన్ రింగులు మార్చారు.

"ఇంకెన్నాళ్ళు లాగుతుందండీ ఇది? మీకూ అరవై దాటాయి కదా" అన్నాడు యజమాని భానుమూర్తి, షట్టర్ పైకి నెడుతూ.

"కూసోబెడితేనే ఖరాబైతది సార్. నడిచినన్ని రోజులు ఏం గాదు."

నిద్ర లేచినప్పటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. ఆ సంగతి ఆయన చెప్పలేదు. మూడేళ్ళ కింద భార్య బాలలక్ష్మి పోయినప్పుడు కూడా, దినాలు కాగానే వచ్చి ఈ బండి ఎడమ సీట్లో, నేర్పేవాడి చోట కూర్చున్నాడు.

ఆరున్నరకు లలితకుమారి వచ్చింది. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని బతికే మనిషి. భర్తకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నిలబడలేని మనిషిని పట్టుకుని ఆటోల కోసం చూడలేక, మరిది తన కారు ఇస్తానంటే నేర్చుకుంటోంది. పదిహేను రోజులైనా భయం పోలేదు.

హయత్‌నగర్ దాకా వెళ్ళి వెనక్కి మళ్ళారు.

"గేరు మార్చమ్మా, ఇంజన్ ఏడుస్తుంది."

"ఖరాబైతదా అన్నా?"

"ఏం గాదు. ఎంతమందిని సూడలే అది."

ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. నొప్పి తనది కానట్టే ఉంది. పక్కింట్లో ఎవరో తలుపు కొడుతున్నట్టుంది.

"జర దవాఖానకు పోనియ్యమ్మా. కొత్తపేట."

లలితకుమారి ఆయన ముఖం చూసింది. "నాతోని గాదన్నా! ఆటో పిలుస్త."

"అయితది. పోనియ్యి."

రెండో గేరులో పడ్డ బండికి ఆమె మళ్ళీ గేరు మార్చలేదు. హారన్ మీద చెయ్యి తీయలేదు. ఇంజన్ గొంతు చించుకుంటోంది. మూడో గేరు వెయ్యమని చెబుదామనుకున్నాడు బిక్షమయ్య. నోరు కదల్లేదు. సరేలే అని వింటూ కూర్చున్నాడు. మూడు సిలిండర్లూ ఒక్కటీ తప్పకుండా కొడుతున్నాయి. కొత్తపేట రాకముందే ఎక్కడో వినడం మానేశాడు.

ఆసుపత్రి గేటు ముందు ఆమె బండి సరిగ్గా ఆపింది. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్ళారు. పది నిమిషాలకు డాక్టరు వచ్చి, తెచ్చేసరికే ప్రాణం లేదని చెప్పాడు. ఆమె తలూపింది. భానుమూర్తికి ఫోన్ చేసి అదే మాట చెప్పింది. ఏడుపు రాలేదు.

"అమ్మా, గా బండి తియ్యండి. అంబులెన్స్ రావాలె" అన్నాడు వాచ్‌మన్.

ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. పక్కన ఎవరూ లేకుండా ఆమె రివర్స్ గేరు వేసి, గోడ వారగా పెట్టి, తాళం తిప్పి ఆపింది.

ఎడమ సీటు ముందు ఒక చెప్పు ఉండిపోయింది. మడమ దగ్గర అరిగి, తెగిన పట్టీని రాగి తీగతో కట్టుకున్న చెప్పు.