ఇరవై ఏడు పెట్టెలు

మూడు రోజుల ముసురు ఆ తెల్లవారుజామున తెరిపిచ్చింది. వాన ఆగింది గానీ మబ్బు లేవలేదు. పాల్మాకుల ఊరి మీద, తాటిచెట్ల తలలకు తగిలేటంత కిందికి దిగి, తడిసిన గోనెపట్టాలా పరుచుకొని ఉంది. పడమటి గాలి కావడంతో పక్కనున్న విమానాశ్రయం నుంచి విమానాలు ఊరి వైపుకే లేస్తున్నాయి. మోత వినిపిస్తోంది, విమానం కనిపించడం లేదు. యాదయ్య వాకిట్లో నిలబడి మెడ ఎత్తి చూశాడు. తూర్పున మబ్బు అంచుకు బియ్యం కడిగిన నీళ్ళ రంగులో కొంచెం వెలుతురు పుట్టింది.

“ఇగ పడదు,” అన్నాడు.

“పడితే ఏమాయె, రెయిన్‌కోటు ఉన్నది గద,” అంది భార్య లచ్చమ్మ లోపలి నుంచి. “నువ్వు మొగులు చూసుకుంట నిలబడు. ఆడ పరీక్ష మొదలువెట్టి అయిపోగొడ్తరు.”

యాదయ్య బండి సీటు మీద నీళ్ళు తుడిచాడు. కూతురు శ్రీలత బయటికి వచ్చి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న కాగితాలు ఇంకోసారి చూసుకుంది. హాల్‌టికెట్టు, ఆధార్ కార్డు, ఫొటోలు. పొద్దున నుంచి అది నాలుగోసారి.

వాయుసేనలో అధికారిగా చేరేందుకు రాసే పరీక్ష అది. శ్రీలతకు ఇది మూడోసారి. వచ్చే విడత నాటికి వయసు దాటిపోతుంది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ పైకి అనరు. ఎందుకమ్మా ఈ పట్టు, డిగ్రీ ఉంది, శంషాబాద్‌లో ఏదో ఒక ఆఫీసులో కుదురుకోరాదా అని చుట్టాలు అడిగితే ఆ పిల్ల ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేది. “నాకు అండ్ల పనున్నది.” ఆ జవాబు యాదయ్యకు నచ్చింది. అంతకంటే ఎక్కువ చెప్పి ఉంటే అనుమానపడేవాడేమో.

మొదటిసారి ఇంగ్లీషు దెబ్బ తీసింది. రెండోసారి ఆరు మార్కుల్లో పోయింది. పోయింది కూడా బొమ్మల దగ్గర. సైనిక సామర్థ్యం చూడడానికని ఆ పరీక్షలో కొన్ని బొమ్మలు ఇస్తారు. ఒక పెట్టెను ఇటు తిప్పితే ఎట్లా ఉంటుంది, ఒక గీతల బొమ్మలో ఇంకో బొమ్మ ఎక్కడ దాగింది, ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెలు మొత్తం ఎన్ని. లెక్కల్లో గట్టిదే అయినా ఆ బొమ్మలు చూస్తే శ్రీలతకు కళ్ళు తిరిగేవి.

యాదయ్య పద్నాలుగేళ్ళుగా విమానాశ్రయం సరుకుల షెడ్డులో పని చేస్తున్నాడు. అట్టపెట్టెలను పెద్ద రేకు పలక మీద పేర్చి, వల కట్టి, విమానం కడుపులోకి సరిపోయేటట్టు చెయ్యడం అతని పని. ఒక్క పెట్టె అడ్డం తిరిగినా మొత్తం దింపి మళ్ళీ ఎక్కించాలి. అందుకని చేతులకంటే ముందు కళ్ళతో పేర్చడం అలవాటైంది. పోయిన మాఘంలో ఒక పొద్దున నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి శ్రీలత అరుగు మీద పుస్తకం పెట్టుకొని, బొమ్మ వైపు తలను వంచి వంచి చూస్తోంది. యాదయ్య చెప్పులు విడుస్తూ వెనక నుంచి ఒక్క చూపు చూశాడు.

“కింది నుంచి రెండోది,” అన్నాడు.

“ఏంది?”

“గా డబ్బాను ఎడమకు పడేస్తే కింది నుంచి రెండో బొమ్మ లెక్క అయితది.”

శ్రీలత వెనక పేజీలు తిప్పి జవాబు చూసి, తండ్రి ముఖం చూసింది. ఆ రోజు నుంచి డ్యూటీ దిగి వచ్చాక అరగంట అరుగు మీద కూర్చోవడం మొదలైంది. సబ్బుపెట్టెలు, అగ్గిపెట్టెలు ముందు వేసుకొని తిప్పి చూపించేవాడు. తరువాత పెట్టెలు తీసేసి, కళ్ళు మూసుకొని తిప్పమనేవాడు. ఎదిగిన బిడ్డతో రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి, ఆ అరగంటలో వంద మాట్లాడేవాడు. పేర్చిన పెట్టెల లెక్క వచ్చినప్పుడు మాత్రం ఒకే మాట చెప్పేవాడు. “నడుమ గాలిగూడు ఇడిసిపెట్టి లెక్కవెట్టు బిడ్డా.” సరే బాపు, అనేది శ్రీలత.

బండి శంషాబాద్ దాటి, గగన్‌పహాడ్ దాటి, ఆరాంఘర్ దగ్గర కాటేదాన్ వైపు మళ్ళింది. ఆదివారం. చిన్న చిన్న కార్ఖానాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఎక్కడి నుంచో నూనె మిల్లు వాసన వస్తోంది. ఆ షట్టర్ల నడుమ మూడంతస్తుల కొత్త బిల్డింగు, అందులో కంప్యూటర్ల మీద పరీక్ష. గేటు ముందు వాన నీళ్ళు నిలిచిన గుంటల చుట్టూ పిల్లలు, పిల్లలకంటే ఎక్కువ మంది తల్లిదండ్రులు.

శ్రీలత చెవిపోగులు తీసి తండ్రి చేతిలో పెట్టింది. ఫోను ఇచ్చింది. పుస్తకం ఇచ్చింది.

“నువ్వు ఇంటికి పోయి పండుకోరాదు బాపు?”

“ఈడనే ఉంట.”

ఆమె లోపలికి వెళ్ళింది. వెనక్కి చూడలేదు. అదే మంచిదనుకున్నాడు యాదయ్య.

ఎదురుగా చాయ్ బండి. తడి బెంచీ మీద ఒక పాత పేపరు పరిచి కూర్చున్నాడు. పక్కన గొడుగు మడుచుకుంటూ ఒక నడివయసు ఆమె కూర్చుంది. పేరు ఫహ్మీదా. రాజేంద్రనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఇవన్నీ అడగకుండానే చెప్పింది. బిడ్డ మెహ్రీన్ లోపల ఉంది.

“పొద్దున సంది ఒక్క ముద్ద ముట్టలే అన్నా. జర తినవే అంటె మీదికొస్తది. వట్టి జిద్ది, మొండిది. మీ బిడ్డ తిన్నదా?”

“సగం తిన్నది.”

“సగమన్న నయం. కోచింగ్ ఎక్కడ తీసుకున్నది?”

యాదయ్య చాయ్ గ్లాసు అందుకున్నాడు. చెప్పొద్దనే అనుకున్నాడు. కానీ ఆరు నెలలుగా లోపల దాచుకున్న గర్వం ఆ చల్లగాలికి బయటికి వచ్చింది.

“ఇంట్లనే. బొమ్మలు మట్టుకు నేనే చెప్పిన.”

“మీరు చెప్పిండ్రా! ఏం పని చేస్తరన్నా మీరు?”

చెప్పాడు. ఆమె నిజంగానే మెచ్చుకుంది. పుస్తకం అందుకొని, ఒక బొమ్మ మీద వేలు పెట్టి అడిగింది. చెప్పాడు. ఇంకోటి అడిగింది. అదీ చెప్పాడు. చాయ్ బండి అతను కూడా తొంగి చూశాడు. తరువాతి పేజీలో పెట్టెల కుప్ప ఉంది. మూడు అడ్డం, మూడు పొడుగు, మూడు ఎత్తు.

“ఇది మా ఆరో తరగతి పిల్లలు కూడ చెప్తరు. ఎన్ని?”

“ఇరవై ఐదు.”

ఫహ్మీదా నవ్వింది. యాదయ్య నవ్వకపోయేసరికి నవ్వు ఆపింది.

“ఇరవై ఐదు ఎట్లన్నా?”

“పై వరుస మూత లెక్క. కింది రెండు వరుసలల్ల నడుమ ఒక్కొక్కటి ఖాళీ ఇడ్వాలె. గాలి ఆడాలె గద. లేకుంటె లోపటి మామిడికాయలు ఉడికిపోతయ్. పూలైతే నల్లవడ్తయ్.”

ఆమె మెల్లగా వెనక పేజీ తిప్పి, జవాబు మీద వేలు పెట్టి చూపింది. యాదయ్య చదివింది ఏడో తరగతి వరకు, ఊరి బడిలో, తెలుగులో. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వస్తాయి. ఇరవై ఏడు.

“అన్నా, ఇవి మామిడికాయలు కావు. ఉత్త డబ్బాలు. వీటికి ఉక్కవొయ్యదు. బొమ్మల కనపడకపోయినా లోపల నిండుగనే ఉన్నయ్ అనుకోవాలె.”

యాదయ్య ఇంకో కుప్ప చూశాడు. లెక్కపెట్టాడు. జవాబు చూశాడు. మూడోది చూశాడు. పెద్ద కుప్ప ఏది తీసుకున్నా తన లెక్క ఒకటో రెండో తక్కువ వస్తోంది. ఆరు నెలలు. రోజూ. నడుమ గాలిగూడు ఇడిసిపెట్టి లెక్కవెట్టు బిడ్డా.

చాయ్ అక్కడే పెట్టి లేచాడు. చేతి గడియారం తొమ్మిది నలభై చూపిస్తోంది. పరీక్ష పదింటికి. గేటు మూసి ఉంది.

“ఏంది పెద్దమనిషి?” అన్నాడు గేటు దగ్గరి కాపలా మనిషి.

“మా బిడ్డ లోపల ఉన్నది. ఒక్క మాట చెప్పాలె.”

“ఇప్పుడు ఎవ్వల్లకూ ఏం చెప్పనియ్యరు. ఏం మాట?”

“నడుమ ఖాళీ ఉండదని చెప్పాలె.”

“ఏ నడుమ?”

“డబ్బాల నడుమ.”

కాపలా మనిషి అతన్ని కింది నుంచి పైకి చూశాడు. “తాగి రాలే గద?”

“లేదన్నా. నువ్వన్న పోయి చెప్పు. శ్రీలత. నీలం రంగు డ్రెస్సు. నిండుగ లెక్కవెట్టమన్నడు మీ బాపు అని చెప్పు.”

“గట్ల చెప్తె నన్నూ నీ బిడ్డనూ ఇద్దర్నీ బయటికి తోలుతరు. కాపీ అంటరు దాన్ని. పోయి కూసో పెద్దమనిషి. ఏం కాదు.”

ఏం కాదని ఎవరైనా అనగలరు. యాదయ్య వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ పరీక్షలో ఒకటి తప్పితే రావలసిన మూడు మార్కులు రాకపోవడమే కాదు, చేతిలో ఉన్నదాంట్లో ఒకటి ఊడుతుంది. పోయినసారి పోయింది ఆరు మార్కుల్లోనే. రెండు కుప్పలు తప్పు చెప్తే చాలు, ఎనిమిది పోతాయి. లెక్క చెయ్యొద్దనుకుంటూనే చేశాడు. బిడ్డకు తెలియని దారిలో తాను చెయ్యి పట్టుకొని నడిపించి, తీరా గోతి దగ్గర వదిలాడు. ఎవరన్నా అడిగారా? చెప్పులు విడుస్తూ ఎందుకు తొంగి చూడాలి? లోపలికి పోయి పడుకొని ఉంటే సరిపోయేది.

“పిల్లలు మనకంటె హుషారన్నా,” అంది ఫహ్మీదా. “నేను చెప్పకపోతెనే బాగుండు. మిమ్మల్ని పరేషాన్ చేసిన.”

“నీ తప్పేంది అక్కా,” అన్నాడు. తరువాత రెండు గంటలు గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. చాయ్ చల్లారి మీగడ కట్టింది. మబ్బు కొంచెం కొంచెంగా విడిపోయి ఎండ వచ్చింది. గుంటల్లో నీళ్ళు మెరిశాయి. ఎండ వచ్చిన సంగతి వీపు కాలిన తరువాత గానీ అతనికి తెలియలేదు.

పన్నెండు దాటాక గేటు తెరిచారు. పిల్లలు గుంపుగా బయటపడ్డారు. కొందరు నవ్వుతూ, కొందరు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ. శ్రీలత నెమ్మదిగా వచ్చింది. యాదయ్య చెవిపోగులు అందించాడు. ఆమె వాటిని తీసుకుంటూ అతని ముఖం చూసింది.

“ఏంది బాపు, గట్లున్నవ్? పానం బాగలేదా?”

“బిడ్డా, గా డబ్బాల లెక్క...” పుస్తకం తెరిచి చూపించాడు. “నేను చెప్పింది తప్పంట. నడుమ గూడు ఉండదంట. నిండుగ లెక్కవెట్టాల్నంట. నాకు తెల్వక...”

శ్రీలత పుస్తకం వైపు చూసింది. బెంచీ మీది ఫహ్మీదా వైపు చూసింది. ఒక చెవిపోగు పెట్టుకుంది.

“నాకు తెల్సు బాపు.”

“ఎప్పుడు తెల్సు?”

“మూడో దినమే. వెనకాల జవాబు చూడనా నేను? నువ్వు ఇరవై ఐదు అంటవు, నేను ఇరవై ఏడు అని రాసుకుంట.”

“మరి రోజు సరే బాపు, సరే బాపు అంటివి?”

“అంటి.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఏం చేసేటోనివి?”

యాదయ్య ఆలోచించాడు. నాకేం తెల్సు బిడ్డా, నువ్వే చదువుకో అని, కాళ్ళు కడుక్కొని లోపలికి పోయి పడుకొనేవాడు. మరునాడు అరుగు మీద ఆగేవాడు కాడు. ఆ పిల్లకు అది మూడో రోజే తెలిసింది.

“తిప్పే బొమ్మలు నాకు ఎవరు చెప్పాలె అప్పుడు?” అంది శ్రీలత రెండో చెవిపోగు పెట్టుకుంటూ. “ఇయ్యాల అవి తొమ్మిది వచ్చినయ్. ఎనిమిది చేసిన. ఒక్కటి డౌటు ఉంటె ఇడిసిన.”

“డబ్బాలు?”

“మూడు వచ్చినయ్.”

“నిండుగనే?”

“నిండుగనే బాపు.”

యాదయ్య ఒక దించిన షట్టరు ముందున్న మెట్టు మీద కూర్చున్నాడు. రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, తుడవడానికి ఇంకేం లేకపోయినా రుమాలు ముఖం మీదే ఉంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. శ్రీలత ముందు భయపడింది. తరువాత, నవ్వుతున్నాడని తెలిసి, తనూ పక్కన కూర్చుంది.

“చెప్పినవా పెద్దమనిషి నీ మాట?” అని గేటు నుంచి కేకేశాడు కాపలా మనిషి.

“చెప్పే పని పడలే!” అన్నాడు యాదయ్య.

“అయితదా బిడ్డా?” అని కూతురిని అడిగాడు.

“పోయినసారి కంటె పదకొండు ప్రశ్నలు ఎక్కువ చేసిన. నాకైతే అయితదనే అనిపిస్తున్నది. పాసైతే ఇంటర్వ్యూ, ఐదు దినాలు. అండ్ల తాళ్ళు, మొద్దులు, డ్రమ్ములు ఇచ్చి, కింద అడుగు పెట్టకుంట దాటాలె అంటరు.”

“తాళ్ళు కట్టుడు నాకొస్తది,” అన్నాడు యాదయ్య వెంటనే. అంతలోనే తమాయించుకొని, “నువ్వు ముందుగాల పుస్తకంల చూసుకో,” అన్నాడు.

ఈసారి శ్రీలత పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఫహ్మీదా ఇటు వచ్చింది. వెనకాల మెహ్రీన్, సన్నగా, నిద్ర లేని కళ్ళతో. ఫహ్మీదా ఏమీ అడగలేదు. ముఖాలు చూసి, పైకి చూసి అల్లాకు ఏదో చెప్పుకొని, సంచిలోంచి పెద్ద స్టీలు డబ్బా తీసింది.

“కిచిడీ, ఖట్టా. పొద్దున మెహ్రీన్ తినలే, అందుకనే ఇంత మిగిలింది. వద్దనకుండ్రి అన్నా.”

యాదయ్య వద్దనలేదు. మెట్టు మీద పేపరు పరిచారు. డబ్బా మూతలో ఇద్దరికి, డబ్బాలోనే ఇద్దరికి. చింతపండు పులుసు పోసుకొని కలుపుకున్నారు. పరీక్ష ఎట్లా రాశావని మెహ్రీన్‌ను ఎవరూ అడగలేదు. ఆ పిల్ల మొదటి ముద్ద పెట్టుకొని, రెండోది తొందరగా పెట్టుకుంది. నలుగురికీ ఎంత ఆకలి వేస్తోందో అప్పుడు గానీ తెలియలేదు. ఎండకు రోడ్డు మీద తడి ఆరుతోంది. మూతలో మిగిలిన కిచిడీని యాదయ్య వేళ్ళతో కూతురి వైపుకు జరిపాడు. ఆమె అందులో సగం మళ్ళీ ఇటు జరిపి, తల వంచుకొని తినసాగింది.