స్పీకర్‌లో అమ్మ

రూబీకి అన్నిటికంటే పెద్ద భయం, రేపల్లెలో ఒంటరిగా ఉంటున్న వాళ్ళమ్మ పున్నమ్మకు ఏమైనా అయితే ఆ సంగతి తనకు తెలియదేమోనని. తల్లీకూతుళ్ళిద్దరి దగ్గరా ఫోన్లున్నాయి. రూబీ ఉండే తెనాలి నుంచి రేపల్లెకు బస్సులో గంటన్నర కూడా పట్టదు. అయినా ఆ భయం ఉంది. ఎందుకుందో చెప్పాలంటే పొద్దున టీవీ దగ్గర మొదలుపెట్టాలి.

రూబీ ఒక చేత్తో దోసె తిప్పుతూ, ఏడాది పిల్ల ఏంజెల్‌ను చంకనేసుకుని, వ్యాపార వార్తలు వింటుంది. భర్త అజయ్ బాబు మందుల ఏజెన్సీలో గుమాస్తా. రెండేళ్ళుగా షేర్లు కొని అమ్ముతున్నాడు. ఓనరు ఎదురుగా టీవీ చూడలేడు కాబట్టి, తొమ్మిదింబావుకు మార్కెట్ తెరిచింది మొదలు మూడున్నరకు మూసేదాకా వినే పని రూబీది. అతను కొన్న కంపెనీల పేర్లు ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంటాయి. వాటిలో ఏది వినపడినా వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఒకరోజు పిల్లకు స్నానం పోస్తుంటే సబ్బు కళ్ళలో పడి అది గుక్కపట్టింది, ఈలోగా ఒక కంపెనీ లాభాల వార్త వచ్చి పోయింది. సాయంత్రం అతను కేకలేమీ వెయ్యలేదు. అన్నం కలుపుకుంటూ, "ఇంట్లో కూర్చుని టీవీ చూడ్డం కూడా రాకపోతే ఎలా రూబీ," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

తండ్రి పోవడంతో ఆమె చదువు ఇంటర్ మొదటి సంవత్సరంతోనే ఆగిపోయింది. అయినా విని విని కొన్ని సంగతులు అర్థమయ్యాయి. తను కొన్న కంపెనీ గురించి మంచిమాట వస్తే అది అతనికి వార్త, టీవీ సౌండ్ పెంచమంటాడు. చెడ్డమాట వస్తే వీళ్ళకేం పనిలేదని ఛానెల్ మార్చమంటాడు. షేరు పెరిగితే అది అతని బుర్ర, తగ్గితే ఆమె మెసేజ్ ఆలస్యం. టీవీలో ఎర్రక్షరాలు పరిగెత్తే వేళకు ఆ సంగతి తెలియాల్సినవాళ్ళకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుందని, ధర అప్పటికే కదిలిపోయి ఉంటుందని కూడా ఆమెకు తోచింది. పైకి అనలేదు. ఎవరడిగారు గనక?

ఆమెకు తనదంటూ ఉన్నది మధ్యాహ్నం అమ్మ ఫోన్ ఒక్కటే. పున్నమ్మ ఊరి బయట రొయ్యల షెడ్డులో, ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తుంది. భోజనాల వేళ పది నిమిషాలు మాట్లాడేది. ఏంజెల్‌కు పళ్ళెన్నొచ్చాయి, పాస్టరమ్మ ఏ చీర కట్టింది, మేస్త్రి ఎవరి మీద అరిచి ఎవరి చేత తిట్లు తిన్నాడు, అన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ పది నిమిషాలూ రూబీ ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు.

నిరుడు ఒకరోజు పున్నమ్మ మాటల మధ్యలో, షెడ్డుకు వారం నుంచి రొయ్యల లారీ లోడ్లు రావడం లేదని చెప్పింది. అమెరికావాళ్ళు పన్ను పెంచేస్తారన్న భయంతో చెరువులవాళ్ళు రొయ్యలు పట్టడం ఆపేశారట. అప్పటికి అజయ్ బాబు రొయ్యల మేత కంపెనీ షేర్లు గట్టిగా కొని ఉన్నాడు. రూబీ కూర వడ్డిస్తూ సంగతి చెప్పింది. అతను నవ్వాడు. "అయితే రేపట్నించి మీ అమ్మకి కోటు తొడిగి టీవీలో కూర్చోబెడదాం," అన్నాడు. నాలుగు రోజులకు అదే మాట టీవీలో కోటు తొడుక్కున్నాయన చెప్పాడు. షేరు కూలిపోయింది. ఏంజెల్ పేరున వేద్దామని దాచిన డబ్బంతా అందులోనే పోయింది.

ఆ సాయంత్రం అతను ఆమె వంక చూసి, "అంత తెలిసినదానివి గట్టిగా చెప్పాలిగా," అన్నాడు. ఎంత గట్టిగా చెబితే ఆడదాని మాట వార్త అవుతుందో రూబీకి అంతుబట్టలేదు.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి వచ్చింది. తొమ్మిది కాకముందే పున్నమ్మకు ఫోన్ చెయ్యాలి. స్పీకర్ పెట్టాలి. అతను బూట్లు తొడుక్కుంటూ వింటాడు, రూబీ అడుగుతుంది, ఇవాళ లోడ్లెన్ని, ఏ వైపు నుంచి, మేస్త్రి ఏమంటున్నాడు. ఆ మాట మీద కొని రెండుసార్లు లాభపడ్డాడు. తన దగ్గర సొంత సమాచారం ఉందని స్నేహితులకు చెప్పుకున్నాడు. ఆ సమాచారానికి ఐసులో మొద్దుబారిన వేళ్ళున్నాయని చెప్పలేదు. మధ్యాహ్నం ఫోన్ మానిపించాడు, ఆ వేళ టీవీ వినాలి గనక. ఆమె ఫోన్లో మాటలన్నీ రికార్డయ్యేలా పెట్టాడు, తన చెవిన పడకుండా ఏదీ జారిపోకూడదట. పోయిన క్రిస్మస్‌కు ముందు ఆమె దొంగతనంగా అమ్మతో మాట్లాడిందని, మెసేజ్‌లు పోతే పోనీ అని, పదకొండు రోజులు ఆ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

పున్నమ్మకు మాత్రం ఇది గౌరవంగానే ఉంది. అల్లుడుగారు తన మాట కోసం కాచుకుని కూర్చుంటున్నారని షెడ్డంతా చెప్పుకుంది. గర్వం ఒక్కటే కాదు. తను చెప్పే అంకెను బట్టి ఆ పూట కూతురి ఇంట్లో మాటతీరు ఉంటుందని ఆమె కనిపెట్టేసింది.

ఈ మంగళవారం పొద్దున పున్నమ్మ గొంతు పొడిగా పలికింది. నాలుగు లోడ్లని, ఐదోది దారిలో ఉందని చెప్పింది.

"గొంతేంటమ్మా అలా ఉంది?"

"ఏం లేదమ్మాయ్. రొయ్య ముల్లు గుచ్చుకుని కుడిచెయ్యి వాచింది. మోచేతి దాకా ఎక్కింది. జొరంగా ఉండి రెండ్రోజుల్నించి పనికి పోవట్లా."

"పనికి పోకపోతే లోడ్ల సంగతి నీకెలా తెలుసు?"

"తెల్లారే లేచి షెడ్డు గేటు దాకా నడిచొచ్చా. లారీలు చూసుకుని వచ్చి పడుకున్నా. అల్లుడుగారు అడుగుతారు కదా మరి."

అజయ్ బాబు వేలు పైకెత్తి, ఐదోది ఎక్కడి నుంచో అడగమని సైగ చేశాడు.

రూబీ అడిగింది. చెయ్యి ఎవరికైనా చూపించావా అని కాదు, ఐదోది ఎక్కడి నుంచమ్మా అని అడిగింది. అలవాటైన నోరు. ఆ తర్వాత రోజంతా ఆ మాటే గొంతులో ముల్లులా ఉండిపోయింది.

రేపల్లె వెళ్ళొస్తానని సాయంత్రం అడిగితే, మార్కెట్ ఉన్న రోజుల్లో ఎలా కుదురుతుందన్నాడు. శనివారం బాపట్లలో అత్తగారింట్లో దుప్పట్లు ఉతకాలి, ఆదివారం చర్చి. "ఫోనుందిగా, రోజూ మాట్లాడుతూనే ఉన్నావుగా," అన్నాడు.

బుధవారం పొద్దున అతను ఫోన్ కలపమనేలోగా రూబీ పెళ్ళయ్యాక మొదటి అబద్ధం ఆడింది. "అమ్మ షెడ్డు మానేసిందండి. ఇంక లోడ్ల సంగతి తనకి తెలీదు." అతను, అయితే ఇక ఫోన్ ఎందుకని టీవీ సౌండ్ పెంచమన్నాడు. అమ్మ ఇక తెల్లారే లేవక్కర్లేదని రూబీ గుండె తేలికపడింది. తర్వాత తట్టింది, ఆ సంగతి అమ్మకు చెప్పే దారి లేదని. పున్నమ్మ ఫోన్ ఎత్తగానే ముందు లారీల మాటే చెబుతుంది. అది రికార్డవుతుంది. అందుకే ఆ రోజు రెండుసార్లు అమ్మ ఫోన్ మోగినా గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది. గురువారం అసలు మోగలేదు. పై వాటా ఆవిడ ఫోన్ అడిగి తీసుకుని మూడుసార్లు చేసింది. ఎవరూ ఎత్తలేదు.

ఇవాళ శుక్రవారం. తొమ్మిదింబావు అయింది. టీవీలో ఎవరో అంకెలు చదువుతుండగా రూబీ టీవీ కట్టేసింది. ఫోన్ టీవీ పక్కనే వదిలేసింది. పిల్లకు రెండు జతల బట్టలు, పాలసీసా సంచిలో వేసింది. బస్టాండు దాకా నడవాలి, బస్సు దొరకాలి, ఎంత లేదన్నా రెండు గంటలు.

మీలో ఎవరైనా రేపల్లెలో ఉంటే ఈలోగా ఒక్కసారి వెళ్ళి చూడండి. లూథరన్ చర్చి వెనక సందులో చివరి రేకుల ఇల్లు. పున్నమ్మా అని పిలవండి. పలక్కపోతే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళండి. అమ్మాయి బయల్దేరిందని చెప్పండి. ఏం కాలేదంటుంది, చెంగు కింద దాచుకుంటుంది. అయినా సరే, కుడిచెయ్యి చూపించమని అడగండి.