టై అంకుల్ పాట

మా రోహన్ నోరు ఎవరినీ వదలదు. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో పుట్టి పెరిగి, అకౌంటింగ్ చదివి, చివరికి గిటార్ పట్టుకుని జనాన్ని వెక్కిరించే పాటలు కట్టి బతుకుతానన్నాడు. తలా ఒక వంటకం పట్టుకెళ్లే పాట్‌లక్ విందుకి కొన్న సమోసాలు తెచ్చి ఇంట్లో చేశామనే ఆంటీల మీద పాడితే, ఆ ఆంటీలే ముందు వరసలో కూర్చుని నవ్వేవాళ్లు. నాకూ గర్వంగానే ఉండేది, దాచడమెందుకు?

2009లో మావారు సూర్యప్రకాశరావుగారి ఉద్యోగం పోయింది. ఆయన నాకు చెప్పలేదు. పెరుగన్నం చెప్పింది. ఏళ్ల తరబడి ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టుకు తిన్న మనిషి, జూన్ వచ్చేసరికి డబ్బాలో సగం అన్నం పులిసిన వాసనతో తిరిగి తేసాగారు. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఏప్రిల్‌లోనే తీసేశామన్నారు. ఏడున్నరకల్లా టై కట్టుకుని మాత్రం బయల్దేరుతూనే ఉన్నారు. నిలదీస్తే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటారు? మర్నాటినుంచి ఎండకి చెడిపోని పులిహోర కట్టాను. ఎందుకని ఆయనా అడగలేదు.

ఆగస్టులో తెలుగు సంఘం కార్యక్రమం కోసం రోహన్ కొత్త పాట కట్టి వంటింట్లో నాకు వినిపించాడు. లైబ్రరీలో పనిచేసే స్నేహితుడెవరో చెప్పాడట, ఒక అంకుల్ రోజూ టై కట్టుకొచ్చి పార్కింగ్ లాట్‌లో, కారులోనే సాయంత్రం దాకా కూర్చుంటాడని. పాటలో ఆ అంకుల్ స్టీరింగ్‌తో మీటింగ్ పెడతాడు, సైడ్ మిర్రర్‌కి ప్రమోషన్ ఇస్తాడు. నేను పొయ్యి కట్టేసి వాడివైపు తిరిగాను.

"ఇది వద్దురా. వేరేది పాడు."

"వై అమ్మా? ఇట్స్ మై బెస్ట్ సాంగ్. ఎవరు ఫీల్ అవుతారు?"

నిజం చెబితే కొడుకు దగ్గర ఆయన పరువు పోతుంది. "సరే, నీ ఇష్టం," అన్నాను.

హాలంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా మావారే నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ, పక్క కుర్చీలో ఉన్న స్నేహితుడు వీరభద్రరావుగారి భుజం చరిచి "మావాడేనండీ రాసింది!" అన్నారు. మర్నాడు ఏడున్నరకి మళ్లీ టై కట్టుకుని, డబ్బా పట్టుకుని వెళ్లారు. లైబ్రరీకి మాత్రం వెళ్లి ఉండరు.

ఏడాదికి ఏదో చిన్న ఉద్యోగం దొరికింది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ పాటతో రోహన్‌కి పేరొచ్చింది, ఊరూరా పిలిచారు. తండ్రి మాత్రం ఇంకే షోకీ వెళ్లలేదు. మూడేళ్లకి గుండెపోటుతో పోయారు.

సంతాప సభలో రోహన్ గిటార్ తీసి నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, డాడీ ఆ రోజు ఎంత నవ్వారో! ఆయన ఫేవరెట్ కదా. అదే పాడనా?"

ఇక దాచడానికి ఆయన లేరు. కానీ చెబితే వీడు మళ్లీ గిటార్ ముట్టడు.

"పాడరా," అన్నాను.

జనం ఏడుస్తూనే నవ్వారు. వాడు పాట మధ్యలో నాకేసి చూశాడు. చూస్తున్నంతసేపూ నవ్వాను. ఆ రోజు ఆయనా వాడి కోసమే అలా నవ్వారని అప్పటికి గాని నాకు తెలియలేదు.